థార్‌కు ఆఫ్‌రోడ్ టైరు సైజు ఎంచుకున్న తీరు: నా అనుభవం

పాత టైర్ల ట్రెడ్ (నేలను తాకే గాడుల పొర) లోతు గేజీ పెట్టి చూస్తే 3 మి.మీ. తేలింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1.6 మి.మీ. వరకు ఒప్పుకుంటాయి. కానీ ఆ లెక్క తారు రోడ్డుకు. తడి మట్టిలో, వదులు గులకలో 3 మి.మీ. కిందికి దిగిన టైరు ఫోర్ వీల్ డ్రైవ్ వేసినా జారుతూనే ఉంటుంది. కాబట్టి మార్చక తప్పదు. ఏ సైజు వేయాలన్నదే ప్రశ్న.

బండి 2021 మోడల్ మహీంద్రా థార్, డీజిల్, మాన్యువల్, ఎల్ఎక్స్ ట్రిమ్ (రకం). కంపెనీ నుంచి వచ్చిన సైజు 255/65 ఆర్18. చివరికి నేను వేసింది 245/75 ఆర్16. అంటే బయటి కొలత పెరగలేదు, కొద్దిగా తగ్గింది. ఆఫ్‌రోడ్ టైర్లంటే పెద్దవే వేయాలనుకునేవాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. ఈ సైజుకు ఎలా వచ్చానో, ఏమేం కొలిచానో, ఏవి పక్కన పెట్టానో వరసగా చెబుతాను. బండి వేరైనా కొలిచే పద్ధతి మారదు.

ముందు లెక్క. 255/65 ఆర్18లో 255 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 18 అంటే రిమ్ము అంగుళాలు. సైడ్‌వాల్ 255 × 0.65 = 165.75 మి.మీ. రిమ్ము 18 × 25.4 = 457.2 మి.మీ. పైన ఒక సైడ్‌వాల్, కింద ఒక సైడ్‌వాల్ కలిపితే మొత్తం వ్యాసం 788.7 మి.మీ. సెల్‌ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. షాపువాళ్లు చెప్పే "31 అంగుళాలు", "33 అంగుళాలు" అన్న మాటలు పట్టించుకోకుండా ప్రతి సైజుకూ ఈ లెక్క మీరే వేసుకోండి. ఒకే అంగుళాల పేరుతో చెప్పే రెండు టైర్ల మధ్య 10 మి.మీ. తేడా ఉండడం మామూలే.

నేను పోల్చిన సైజులు నాలుగు. 265/70 ఆర్17: వ్యాసం 802.8, సైడ్‌వాల్ 185.5. 265/75 ఆర్16: వ్యాసం 803.9, సైడ్‌వాల్ 198.75. చాలామంది ముచ్చటపడే 285/70 ఆర్17: వ్యాసం 830.8, సైడ్‌వాల్ 199.5. ఇక ఇదే థార్‌లో ఏఎక్స్ ట్రిమ్‌కు కంపెనీయే ఇచ్చిన 245/75 ఆర్16: వ్యాసం 773.9, సైడ్‌వాల్ 183.75.

ఇక్కడ రెండు విషయాలు విడివిడిగా చూడాలి. మొదటిది ఎత్తు. టైరు వ్యాసం ఎంత పెరిగితే అందులో సగమే బండి కింద ఖాళీగా దొరుకుతుంది. 285/70 ఆర్17 వేస్తే వ్యాసం 42 మి.మీ. పెరుగుతుంది, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య ఉండే గేర్ల గుండు) కింద దొరికేది 21 మి.మీ. అంటే రెండు వేళ్ల మందం కూడా లేదు. 265/70 ఆర్17తో దొరికేది 7 మి.మీ. కంపెనీ బ్రోషర్‌లోనూ ఈ లెక్కే కనిపిస్తుంది: 18 అంగుళాల చక్రాలున్న థార్‌కు గ్రౌండ్ క్లియరెన్స్ 226, 16 అంగుళాలకు 219. తేడా 7 మి.మీ. రాయి తగిలే చోట ఆ 7 మి.మీ. కోసం పోరాడేకన్నా చక్రాన్ని ఆ రాయి మీదికే ఎక్కించే లైను ఎంచుకోవడం మేలు.

రెండోది సైడ్‌వాల్. నాకు ఇదే ముఖ్యం. ఆఫ్‌రోడ్‌లో టైరు పనిచేసేది గాలి తగ్గించినప్పుడు. గాలి 32 పీఎస్ఐ నుంచి 18కి దించితే సైడ్‌వాల్ వంగుతుంది, నేలను తాకే భాగం పొడుగవుతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది, అది పక్కలకు పెద్దగా వెడల్పవదు, ముందూ వెనకా సాగుతుంది. ట్రాక్టర్ గొలుసు పట్టాలా నేలను పట్టుకునేది ఆ పొడుగే. అలా వంగడానికి సైడ్‌వాల్ ఎత్తుండాలి. 18 అంగుళాల రిమ్ముతో 165 మి.మీ. గోడ 18 పీఎస్ఐ దగ్గర బాగా నొక్కుకుంటే రిమ్ము అంచు రాయికి మరీ దగ్గరగా వస్తుంది. రాయి దెబ్బకు రబ్బరు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి కోసుకుపోతుంది. సైడ్‌వాల్ కోతకు పంక్చర్ వేయలేరు. ప్లగ్గు పని చేసేది ట్రెడ్ మీదే.

245/75 ఆర్16తో ఎత్తు 7 మి.మీ. పోతుంది, సైడ్‌వాల్ 18 మి.మీ. వస్తుంది. నా లెక్కలో ఇది లాభసాటి బేరం.

ఇంకొకటి. ఎత్తు పోతోందన్న బెంగ పెట్టుకునే ముందు పాత టైరును నిజంగా కొలిచి చూశాను. కొత్తప్పుడు 10 మి.మీ. ట్రెడ్, ఇప్పుడు 3. రెండువైపులా 7 చొప్పున 14 మి.మీ. వ్యాసం ఎప్పుడో అరిగిపోయింది. 788.7 లోంచి 14 తీస్తే 774.7. కొత్త 245/75 ఆర్16 వ్యాసం 773.9. అంటే ఇప్పటికే బండి తిరుగుతున్నది దాదాపు ఈ ఎత్తు మీదే.

కాగితం మీది లెక్క సరిపోదు, బరువు మోస్తున్న టైరు ఎంత తిరుగుతుందో నేల మీద కొలవాలి. గాలి సరిగ్గా పెట్టి, సమంగా ఉన్న సిమెంటు నేల మీద టైరు అడుగున సున్నంతో గీత గీసి, నేల మీదా అక్కడే గీత పెట్టాలి. బండిని తిన్నగా తోసుకుంటూ ఐదు చుట్లు తిప్పి మళ్లీ గీత పెట్టి టేపుతో కొలవాలి. పాత టైరుకు ఐదు చుట్లకు 11.82 మీటర్లు వచ్చింది, చుట్టుకు 2364 మి.మీ. కొత్త 16 అంగుళాలకు 11.80 మీటర్లు, చుట్టుకు 2360. వ్యాసాన్ని 3.14తో గుణిస్తే వచ్చే సంఖ్యకన్నా ఇది తక్కువ ఉంటుంది. బరువు కింద టైరు అడుగున కొంచెం చదునవుతుంది కాబట్టి. ఒక్క చుట్టే తిప్పి కొలిస్తే గీత పెట్టడంలో వచ్చే పొరపాటు పెద్దదవుతుంది, అందుకే ఐదు.

స్పీడోమీటర్, ఓడోమీటర్ ఈ చుట్టుకొలత మీదే ఆధారపడతాయి. పెద్ద టైరు వేస్తే మీటరు చూపించేదానికన్నా బండి వేగంగా వెళ్తుంది. 285/70 ఆర్17తో వ్యాసం 5.3 శాతం పెరుగుతుంది, 100 దగ్గర ఆ తేడా ఐదు కిలోమీటర్ల పైనే. దానికితోడు గేర్లన్నీ అంతే శాతం పొడుగైనట్టవుతుంది. ఘాట్‌లో రెండో గేరులో ఎక్కే మలుపు మొదటి గేరు అడుగుతుంది. లో రేంజిలో (ఫోర్ వీల్ డ్రైవ్ తక్కువ గేర్లలో) మెల్లగా పాకే వేగం కూడా అంతే పెరుగుతుంది, రాళ్ల మీద క్లచ్‌కు పని పెరుగుతుంది. చిన్న వ్యాసంతో ఇవన్నీ తిరగబడి మనవైపే ఉంటాయి. ఇంజన్‌కు తేలిక, దిగుడులో ఇంజన్ బ్రేకింగ్ కాస్త గట్టిగా ఉంటుంది.

అయినా 265/75 ఆర్16ను ఊరికే కొట్టేయలేదు. సైడ్‌వాల్ దాదాపు 199, ఎత్తూ పెరుగుతుంది, చూడ్డానికి అన్నీ దొరికినట్టే. తెలిసినవాళ్ల దగ్గర ఆ సైజు జత దొరికితే ముందు చక్రాలకు ఎక్కించి చూశాం. రాసుకోవడం అన్నది బండి ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడు కనిపించదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పాలి, అదే సమయంలో ఆ చక్రం స్ప్రింగు పూర్తిగా నొక్కుకోవాలి, రివర్స్‌లో కూడా చూడాలి. ఈ మూడూ కలిసే చోటే తగులుతుంది.

దానికి వాడింది చపాతీ పిండి. చక్రం గూటి లోపలి ప్లాస్టిక్ లైనరు మీద, బంపర్ కింది మూల దగ్గర, లోపల స్వేబార్ (బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) మీద, ఛాసిస్ వైపు, మొత్తం తొమ్మిది చోట్ల నిమ్మకాయంత పిండి ముద్దలు అంటించాం. ముందు ఎడమ చక్రాన్ని ఒక అడుగు ఎత్తు రాతి దిమ్మ మీదికి ఎక్కించి, బండి బరువంతా దాని మీద పడేలా చేసి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు తిప్పాం. దిగాక ఒక్కో ముద్ద ఎంత పలచబడిందో చూడడమే. ఏడు ముద్దలు అలాగే ఉన్నాయి. ముందు చక్రం వెనక, లైనరు కింది మూల దగ్గర ఉన్న ముద్ద 4 మి.మీ. అప్పడంలా అయింది. దాని పక్కదాని మీద ట్రెడ్ అచ్చు పడి, మధ్యలో ప్లాస్టిక్ కనిపిస్తోంది. అంటే అక్కడ తగిలింది.

లైనరు కాస్త కోస్తే సరిపోతుందని అంటారు. పొడి రోడ్డుకు నిజమే. కానీ 4 మి.మీ. ఖాళీ మన మట్టికి చాలదు. కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి తడిస్తే టైరుకు చుట్టుకుని గూట్లో పేరుకుంటుంది. అది కాస్త ఆరితే రాయిలా గట్టిపడుతుంది. టైరుకూ లైనరుకూ మధ్య కనీసం 20 నుంచి 25 మి.మీ. ఖాళీ లేకపోతే ఆ మట్టి చక్రాన్ని బిగబట్టేస్తుంది, లైనరు క్లిప్పుల్ని పీకేస్తుంది. వేలంత గులకరాయి ఇరుక్కున్నా అంతే. నేను ఏ సైజుకైనా పెట్టుకున్న హద్దు ఇదే: ఫుల్ లాక్‌లో (స్టీరింగ్ చివరిదాకా తిప్పి), స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు, 20 మి.మీ. తగ్గకూడదు. సస్పెన్షన్ లేపితే వస్తుంది కదా అంటే, లిఫ్ట్ కిట్ స్ప్రింగు నిలబడే ఎత్తును మారుస్తుంది గానీ బంప్ స్టాప్ (చక్రాన్ని పైన ఆపే రబ్బరు దిమ్మ) మార్చకపోతే చక్రం పైకి వెళ్లే చివరి హద్దు అదే ఉంటుంది. తగిలే చోట మళ్లీ తగులుతుంది.

రిమ్ముల విషయంలో ఆఫ్‌సెట్ దగ్గర ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. రిమ్ము వెనకవైపు ఈటీ అని ఒక సంఖ్య అచ్చువేసి ఉంటుంది. రిమ్ము నడిమి గీతకూ, హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరం అది, మిల్లీమీటర్లలో. ఈటీ తగ్గితే చక్రం అంతే బయటికి జరుగుతుంది. ఈటీ 35 ఉన్న చోట ఈటీ 10 వేస్తే 25 మి.మీ. బయటికి. రిమ్ము ఒక అంగుళం వెడల్పయితే ఇటు 12.7, అటు 12.7 పెరుగుతుంది. బండి వెడల్పుగా, రుబాబుగా కనిపిస్తుంది, నిజమే. కానీ స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ చక్రం పెద్ద వంపులో తిరుగుతుంది కాబట్టి లోపల తగలని టైరు బయట బంపర్‌కు తగులుతుంది. రాయి తగిలినప్పుడు స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టు తిరుగుతుంది, బేరింగుల మీద బరువు పెరుగుతుంది, బురదంతా తలుపుల మీదికి ఎగురుతుంది. కంపెనీ ఆఫ్‌సెట్ నుంచి కదలకుండా ఉండడమే నా నిర్ణయం. స్పేసర్లు అసలు వద్దు.

ఏఎక్స్‌కు వచ్చే 16 అంగుళాల స్టీల్ రిమ్ములే ఐదు తీసుకున్నాను. స్టీల్ ఎందుకంటే, రాయి దెబ్బకు వంగుతుంది, సుత్తితో కొట్టి బీడు (రిమ్ముకు ఆనే టైరు అంచు) మళ్లీ పట్టేలా చేసుకోవచ్చు. అల్లాయ్ దెబ్బ గట్టిదైతే పగులుతుంది. టైరు ఎక్కించకముందే ఖాళీ రిమ్మును హబ్బుకు బిగించి చేత్తో తిప్పి చూశాను, ముందు బ్రేకు క్యాలిపర్‌కు రిమ్ము లోపలి అంచు ఎక్కడా దగ్గరపడకూడదు. ఇక్కడ కూడా పిండి ముద్దే. అల్లాయ్ నుంచి స్టీల్‌కు మారేటప్పుడు వీల్ నట్లు కూడా చూడాలి. నట్టు ఆనే ముఖం కోనులా ఉందా, చదునుగా వాషరుతో ఉందా, రిమ్ము గుంట దానికి సరిగ్గా సరిపోతోందా అన్నది. సరిపోని నట్టు ఎంత బిగించినా తిరిగేకొద్దీ వదులవుతుంది.

ఇప్పుడు టైరు ఎంపిక. సైజు పక్కనే 111టీ లాంటి గుర్తు ఉంటుంది. అంకె లోడ్ ఇండెక్స్, అక్షరం వేగం. 111 అంటే ఒక టైరు మోయగలిగేది 1090 కిలోలు. 108 అయితే 1000. 104 అయితే 900. అక్షరాల్లో క్యూ 160, ఆర్ 170, ఎస్ 180, టీ 190 కిలోమీటర్లు. పాత టైరు మీద ఉన్న లోడ్ ఇండెక్స్ కన్నా కొత్తది తగ్గకూడదు, ఇందులో సర్దుకోవడాలు లేవు. నేను అడిగిన మొదటి షాపులో 235/70 ఆర్16 చేతిలో ఉందని "అదీ ఇదీ ఒకటే" అని అంటగట్టబోయారు. లెక్క వేస్తే దాని వ్యాసం 735.4, నా పాతదానికన్నా 53 మి.మీ. తక్కువ. ఒకటే ఎలా అవుతుంది?

ఎల్టీ (లైట్ ట్రక్) అని మొదలయ్యే సైజులు వేరే జాతి. ఎల్టీ 245/75 ఆర్16 మీద 120/116 అని ఉంటుంది. 120 అంటే 1400 కిలోలు. రెండో అంకె వెనక జంట చక్రాలున్న బండ్లకు. సైడ్‌వాల్ మందం, కోతలకు బాగా ఓరుస్తుంది. కానీ ఒక్కోటి నాలుగైదు కిలోలు బరువెక్కువ, అదే బరువు మోయడానికి మామూలు టైరుకన్నా ఎక్కువ గాలి అడుగుతుంది. థార్ లాంటి బండికి అది గతుకుల మీద గట్టిగా కొడుతుంది. స్టెప్నీ వెనక తలుపుకు వేలాడుతుంది కాబట్టి ఆ బరువు కీళ్ల మీద పడుతుంది. వారంవారం రాళ్ల గుట్టలెక్కేవాళ్లు ఎల్టీ తీసుకోవాలి. నా తిరుగుడు ఎక్కువ భాగం తారు, మిగిలింది వికారాబాద్ వైపు ఎర్ర గులకమట్టి, మారేడుమిల్లి ఘాట్, ఎప్పుడైనా గోదావరి ఇసుక. దీనికి ఎల్టీ కాని, 111 ఇండెక్స్ ఉన్న ఏటీ (ఆల్ టెర్రెయిన్, అంటే తారుకూ మట్టికీ పనికొచ్చే) టైరు సరిపోతుంది.

ఎంటీ, అంటే మడ్ టెర్రెయిన్ ఎందుకు కాదంటే, దాని బ్లాకుల మధ్య ఖాళీ పెద్దది. బురదను బయటికి విసరడానికి అది బాగుంటుంది. కానీ తారును తాకే రబ్బరు తగ్గిపోతుంది. వర్షంలో తారు మీద బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది, 80 దాటితే మోత. నల్లరేగడిలోనైతే ఎంటీ కూడా కాసేపటికి పూడిపోయి నున్నటి గుండులా అవుతుంది. అక్కడ పనికొచ్చేది వేగం తగ్గకుండా పోనివ్వడం, గాలి తగ్గించడం, లేదా వాన వెలిసి రెండు రోజులు ఆగడం.

వెడల్పు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 245 సన్నం కదా అని అడుగుతారు. పైన పలచటి బురద, కింద గట్టి నేల ఉంటే సన్నటి టైరు బురదను చీల్చుకుని గట్టిదాన్ని అందుకుంటుంది. మన ఘాట్ల మట్టి ఎక్కువగా ఈ రకమే. అడుగు తెలియని ఇసుకలో వెడల్పు కొంత సాయం చేస్తుంది, కానీ 245కూ 265కూ మధ్య 20 మి.మీ. తేడా కన్నా గాలి 30 నుంచి 16కి దించడం ఎన్నో రెట్లు పనిచేస్తుంది.

దొరకడం కూడా సైజులో భాగమే. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అప్పటి నుంచి బయటి నుంచి వచ్చే అరుదైన సైజులు ఒకసారి దొరికితే ఇంకోసారి దొరకవు. ఐదు టైర్లు ఇవాళ దొరకడం గొప్ప కాదు, రెండేళ్ల తర్వాత ఒకటి కోసుకుపోతే ఆ ఒక్కటి దొరకాలి. కనీసం మూడు కంపెనీలు చేస్తున్న సైజు ఎంచుకోవాలి. సైడ్‌వాల్ మీద ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 15633 అన్న అంకె ఉన్నాయా చూడాలి, అది లేని టైరు ఇక్కడ అమ్మడానికి లేదు. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో 23వ వారం. ఆరు నెలలు దాటినవి నేను తీసుకోను, ఐదింటి మీదా తేదీలు దగ్గరదగ్గరగా ఉండాలని అడిగాను.

చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అదే మోడల్‌కు కంపెనీయే ఇచ్చిన సైజులో ఉంటే తనిఖీలోనూ, బీమా క్లెయిములోనూ చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది. 245/75 ఆర్16 వైపు తూకం మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

ఐదో టైరు మీద పొదుపు చేయొద్దు. థార్ ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య వేగం తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు, 4హెచ్ (మామూలు గేర్లతో ఫోర్ వీల్ డ్రైవ్) వేస్తే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరగాల్సిందే. పాత 18 అంగుళాల చక్రాన్ని స్టెప్నీగా ఉంచేస్తే, అది కొత్తదైతే వ్యాసం తేడా 14.8 మి.మీ., చుట్టుకు 46 మి.మీ. కిలోమీటరుకు దాదాపు ఎనిమిది చుట్ల తేడా. పట్టున్న నేల మీద ఆ తేడా ఎక్కడికీ పోలేక ట్రాన్స్‌ఫర్ కేసులో (శక్తిని రెండు ఇరుసులకూ పంచే గేర్ల పెట్టెలో), షాఫ్టుల్లో మెలిపడుతుంది. లీవరు 4హెచ్ నుంచి 2హెచ్‌కు (రెండు చక్రాల డ్రైవ్‌కు) రాకుండా బిగుసుకుంటుంది. అడవిలో స్టెప్నీ వేసుకుని 4హెచ్ వాడలేకపోతే ఆ స్టెప్నీ ఎందుకు?

ఎక్కించేటప్పుడు షాపులో నిలబడి చూసినవి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన చోటు, వాల్వు పక్కనే రావాలి. బీడుకు సబ్బు నీళ్లు కాక దాని పేస్టే రాయించాను. బీడు కూర్చోడానికి 40 పీఎస్ఐ దాటి కొట్టనివ్వలేదు, కూర్చోకపోతే గాలి తీసేసి మళ్లీ పేస్టు రాసి కొట్టాలి. ఎల్ఎక్స్‌లో గాలి చూపే సెన్సర్లు వాల్వుకు లోపలివైపు ఉంటాయి, బీడు విడగొట్టే పార వాల్వు దగ్గర పెడితే అవి విరుగుతాయి. ముందే చెప్పాలి. నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో, చివరికి టార్క్ రెంచితో. 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచి పెడితే స్టీల్ రిమ్ము సర్దుకుని రెండు నట్లు పావు చుట్టు తీసుకున్నాయి. ఇది అందరికీ జరిగేదే. ఆ రెండో బిగింపు మానొద్దు.

రోడ్డు మీద గాలికి డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరుతో మొదలుపెట్టాలి. ఈ సైజుకు సరిపోయిందా అన్నది సుద్ద చెబుతుంది. ట్రెడ్ మీద అడ్డంగా మందంగా సుద్ద గీసి, తిన్నటి రోడ్డు మీద రెండు వందల మీటర్లు నడపాలి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. రెండో పరీక్ష, చల్లగా ఉన్నప్పటి గాలి రాసుకుని, గంట నడిపాక చూడాలి. 4 పీఎస్ఐ పెరిగితే సరి. 6, 7 పెరిగితే మొదట తక్కువ పెట్టినట్టు, టైరు వంగి వంగి వేడెక్కింది. పొరపాటున కూడా వేడి టైరులోంచి గాలి తీయొద్దు.

మట్టి దారికి దిగాక, గులక మీద 25, బురద, రాళ్లకు 18 నుంచి 20, ఇసుకకు 16. బీడ్‌లాక్ (బీడును రిమ్ముకు బిగించి పట్టే ఏర్పాటు) లేని రిమ్ముతో 15 కిందికి పోను, గట్టిగా మలుపు తిప్పితే బీడు ఊడి గాలంతా ఒక్కసారిగా పోతుంది. 18 పీఎస్ఐ మీద 30 కిలోమీటర్లు దాటను. తారు ఎక్కే ముందు కంప్రెసరుతో మళ్లీ నింపాలి, ఒక్కో టైరుకు నాలుగైదు నిమిషాలు.

బురదలోంచి వచ్చిన మర్నాడు స్టీరింగ్ 80 దగ్గర వణికితే బ్యాలెన్సింగ్‌కు పరుగెత్తొద్దు. స్టీల్ రిమ్ము లోపలి గాడిలో అరకిలో మట్టి ఎండి అతుక్కుని ఉంటుంది. వెనకవైపు నుంచి నీళ్లు కొట్టి, పుల్లతో గీకితే చాలు.

8,000 కిలోమీటర్లకు ఐదు టైర్లూ మార్చి వేస్తాను. వెనకవి రెండూ నేరుగా ముందుకు, ముందు ఎడమది వెనక కుడికి, ముందు కుడిది స్టెప్నీకి, స్టెప్నీ వెనక ఎడమకు. మొదటి మార్పుకు ముందు కొలిస్తే ముందువి 8.8, వెనకవి 9.1, స్టెప్నీ 10 మి.మీ. ముందు కుడి టైరు బయటి అంచు 8.5 ఉంది, అది అలైన్‌మెంట్‌లో టో (చక్రాల ముందు అంచులు తిరిగిన దిశ) కొంచెం లోపలికి ఉండడం వల్ల. సరిచేయించి, ఆ తేదీ, కిలోమీటర్లు, ఐదు లోతులు గ్లవ్ బాక్సులో పుస్తకంలో రాసిపెట్టాను.